కలల ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నది మన సామెత. నగర సందడికి దూరంగా ఇల్లు ఉండాలన్న కోరిక నేటిది కాదు. పాయిగా ప్రభువు సర్ ఆస్మాన్ జా 1885లో సైదాబాద్ చేరువలోని గుట్టపై ఆస్మాన్‌గఢ్ భవనాన్ని నిర్మించుకొన్నాడు. క్రమంగా నగరం విస్తరించి, ఆ గుట్ట చుట్టూ కాలనీలు వెలసి, నేల విలువ పెరిగింది. గోడలు ఎన్నైనా కట్టవచ్చు, నేలను సృష్టించలేము.

బ్రిటన్‌లోనూ ఇదే సమస్య. కార్న్‌వాల్ సముద్రతీరంలో ధనికులు విహారగృహాలు కొనగా, ఇళ్ల ధరలు పెరిగి స్థానిక యువతకు అందరానివయ్యాయి. అందువల్ల 2016లో సెయింట్ ఐవ్స్ ప్రజలు, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడ స్థిరనివాసం ఉండేవారికే చెందాలని ఓటు ద్వారా నిర్ణయించారు. ఒకరి విశ్రాంతి మరొకరి నీడను హరించరాదు కదా!