మొక్కల బీరువాకు గాలియు చల్లదనమును

సూర్యరశ్మి గొప్ప ధనమని పట్టణవాసమున నున్న గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పెరడును, నూతిచప్టాయు, తులసికోటయు గల యిండ్లు నానాటికి తఱిగిపోవుచున్నవి. అంతస్తుపై నంతస్తుగా లేచిన మేడలలో కిటికీగుండ గంటసేపు ఎండ వచ్చుటయే భాగ్యముగ నున్నది. అందుచే కొందఱు సోదరీమణులు పాత కొయ్యబీరువా నొకదానిని శుభ్రపఱచి, అఱలపైన ఎల్.ఇ.డి. దీపములు బిగించి, అందు కొత్తిమీర, మెంతికూర, మిరపనారు, వంగనారు పెంచుకొనుచున్నారు. చారులోనికి నాలుగు కొత్తిమీర రెబ్బలు ఇంటనే దొరకుటయు, మొలక యెత్తుట పిల్లలు కన్నులార చూచుటయు చిన్న లాభములు కావు.

ఐనను ఇట్టి బీరువాలలో పైరు చెడుటయు తఱచు వినుచున్నాము. ఒకరి నారు తెల్లవాఱుసరికి నేలవ్రాలినది. ఒకరి కొత్తిమీర మొలవనే లేదు. ఒకరి మెంతి ఆకుల యంచులు మాడిపోయినవి. నీరు చాలదని ఒకరును, ఎరువు చాలదని ఒకరును తలపోసి, మఱింత నీరును మఱింత ఎరువును వేసి కీడు పెంచుకొందురు. మూసిన పెట్టెలో మొక్కకు మొదట చూడవలసినది గాలి. ఆ గాలి యెంత పని చేయగలదో, ఎచ్చట దాని శక్తి యుడుగునో తెలిసికొన్నచో డబ్బును, పైరును, ఇంటి క్షేమమును గూడ కాపాడుకొనవచ్చును.

ఎల్.ఇ.డి. చల్లని దీపమని లోకమున వాడుక. ఆ మాట సగమే నిజము. నీలి కాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురా యను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. దానివలన తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు వచ్చుట సత్యమే. కాని దీపము తీసికొన్న విద్యుత్తు ఎచ్చటికి పోవును? కొంత దీపముకడనే వేడి యగును. మిగిలినది వెలుగై ఆకులమీదను, గోడలమీదను పడి అచ్చటనే వేడిగా మాఱును. మొక్క తన పోషణకు దాచుకొను పాలు లెక్కకు రానంత స్వల్పము. కావున బీరువాలో నెన్ని వాట్ల దీపమున్నదో అన్ని వాట్ల కుంపటి యున్నదని భావింపవలయును. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, ఐదడుగుల యెత్తు గల బీరువాలో 120 వాట్ల దీపములు వెలిగించి తలుపు మూసినచో, లోపలి వేడిమి గదికంటె ఎనిమిది పది డిగ్రీలు హెచ్చుట వింత కాదు. గదిలో 34 డిగ్రీలున్న నాడు లోపల 43 డిగ్రీలైనచో ఏ లేతమొలక తాళగలదు?

గాలి చేయు పనులు మూడు. అది వేడిని వెలుపలికి మోసికొనిపోవును. ఆకులు విడిచిన తేమను తీసికొనిపోవును. మొక్కకు ఆహారమైన బొగ్గుపులుసు గాలిని తెచ్చిపెట్టును. ఈ వాయువు మన చుట్టునున్న గాలిలో పదివేల పాళ్ళకు నాలుగు పాళ్ళకంటె కొంచెమే యధికము. దీపము వెలుగుచుండగా మూసిన పెట్టెలోని మొక్కలు ఆ కొంచెమును త్వరలోనే తగ్గించివైచి, పిదప వెలుగుండియు పస్తుండును.

ఇచ్చట నొక సందేహము రావచ్చును. గాజుపెట్టెలలో మూసియుంచిన మొక్కలు బ్రతుకుట లేదా యని. లండనులోని నెథేనియల్ వార్డు అను వైద్యుడు 1829లో మూసిన సీసాలోని తడిమట్టియందు ఫెర్ను మొక్క తనంత తాను మొలచుట చూచెను. 1833లో నట్టి గాజుపెట్టెలలో మొక్కల నుంచి ఓడపై సిడ్నీకి పంపగా అవి క్షేమముగ చేరినవి. కాని యవి నీడకును తేమకును అలవాటుపడిన మొక్కలకు తగిన పెట్టెలు. త్వరగ పెరుగవలసిన కూరమొక్కలకు బలమైన వెలుగు కావలయును. వెలుగు వెంట వేడి వచ్చును. వేడి వెంట గాలి రాక తప్పదు.

గాలిదారిని ఏర్పఱచుట మనకు క్రొత్త విద్య కాదు. మండువా లోగిళ్ళను కట్టిన పెద్దలు నడుమ ఆకాశమునకు తెఱపి విడిచి, చుట్టును వాకిళ్ళుంచిరి. వెచ్చని గాలి పైకిబోవును, ఆ చోటికి చల్లని గాలి క్రిందినుండి వచ్చును. బీరువాకును ఇదియే న్యాయము. వెలుపలి గాలి అడుగునుండి రావలయును, వేడిగాలి పైనుండి పోవలయును. ఐతే ఐదడుగుల పెట్టెలో వేడిగాలి తనంత తాను లేచు బలము మిక్కిలి తక్కువ. దోమతెర యడ్డమున్నచో ఆ బలమును ఉడిగిపోవును. కావున పైభాగమున గాలిని వెలుపలికి లాగు చిన్న పంకా యుండవలయును.

ఎంత పంకా కావలయును? లెక్క సులభము. నిమిషమునకు ఒక ఘనమీటరు గాలి బయటికి పోవుచున్నచో, బీరువా గదికంటె ఒక్కొక్క డిగ్రీ హెచ్చుగ నుండుటకు ఇంచుమించు 20 వాట్ల వేడి వెడలిపోవును. 120 వాట్ల దీపములుండి, గదికంటె మూడు డిగ్రీలకు మించకుండ నుంచవలెనన్నచో నిమిషమునకు రెండు ఘనమీటర్ల గాలి చాలును. గణకయంత్రములలో వాడు 12 సెంటీమీటర్ల పంకాలు రెండు ఈ పని చేయగలవు. అవి 12 వోల్టులతో తిరుగునవి, రెంటికిని కలిపి ఆఱేడు వాట్లకంటె ఖర్చు కాదు. పంకాపై వ్రాసిన సంఖ్య అడ్డులేని గాలికి చెప్పినది. తెరయు, అఱలును అడ్డుపడగా అందు సగమే దక్కవచ్చునని తలచి కొంచెము పెద్దదియే తీసికొనుట మేలు.

పంకా మంచిదైనను గాలి వచ్చుదారి యిఱుకైనచో ఫలము లేదు. పంకాల రంధ్రముల వైశాల్యమునకు క్రిందిదారి రెట్టింపుండవలయును. పైన చెప్పిన రెండు పంకాలకు బీరువా అడుగున 30 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు గల రెండు చీలికలు కోసిన సరిపోవును. దారులు ముందుభాగమున క్రింద, పంకాలు వెనుకభాగమున పైన నున్నచో గాలి పైరంతయు తాకిపోవును. రెండును ఒకేచోట నున్నచో వచ్చిన గాలి వచ్చినట్లే పోయి, తక్కిన బీరువా ఉక్కిరిబిక్కిరి యగును. అఱలు నిండుపలకలైనచో తీసివైచి తీగజల్లెడలు వేయుట మంచిది, లేదా ముందువెనుకల నాలుగు వ్రేళ్ళ సందు విడువవలయును. బీరువా గోడ కానుకొనియుండరాదు. శీతలయంత్రపు వెనుకభాగమునకు దగ్గఱ నుంచరాదు. దీపమునకు విద్యుత్తును సరిచేసి యిచ్చు పెట్టె విడిగా నున్నచో దానిని వెలుపల బిగించిన లోపలి వేడి కొంత తగ్గును.

లోపల గాలి కదలుటకు అఱకొక చిన్న పంకా యుంచవచ్చును. ఆకులు మెల్లగ కదలిన చాలును. ఆ కదలికచే కాడలు గట్టిపడును. అతి యిందును హానియే. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున రచించిన బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమను అధ్యాయము కలదు. చలి, గాలి, ఎండ యను వీనివలన చెట్లకు రోగము కలుగుననియు, ఆకులు పాలిపోవుననియు అందు చెప్పబడినది. పంకాను మొలకల మొగమునకే త్రిప్పువారు దీనిని మఱువరాదు.

ఇక ముఖ్యమైన మాట. పంకా గాలిని మార్చగలదు గాని చల్లబఱచజాలదు. గదిలోని గాలికంటె చల్లని గాలిని అది యెచ్చటినుండి తేగలదు? కావున ఉష్ణమాపకములు రెండు కొనవలయును. ఒకటి గదిలోను, ఒకటి బీరువాలో ఆకుల యెత్తునను ఉంచి, దీపపు వెలుగు నేరుగ పడకుండ తెల్లకాగితము గొడుగుగ పట్టవలయును. దీపము వెలిగిన మూడునాలుగు గంటల పిమ్మట రెంటిని చూడవలయును. రెంటి నడుమ భేదము ఐదు డిగ్రీలకు మించినచో గాలి చాలలేదన్నమాట. దారులు పెంచవలయును, లేదా పంకా పెంచవలయును. భేదము రెండు మూడు డిగ్రీలే యుండి, ఐనను లోపల 38 డిగ్రీలున్నచో గది యే వేడిగా నున్నది. అప్పుడు ఇంకొక పంకా కొనుట డబ్బు దండుగ. అంగడివాడు ఏమి చెప్పినను ఈ భేదమే మనకు న్యాయాధిపతి.

గదియే వేడిగా నున్నప్పుడు చేయదగినవి వేఱు. మొదటిది వేళ మార్చుట. మొక్కకు పగలు రాత్రియను పట్టింపు లేదు, వెలుగుకాలము, చీకటికాలము క్రమముగ నున్న చాలును. వేసవిలో రాత్రి ఎనిమిది గంటలకు దీపము వెలిగించి ఉదయ మెనిమిదింటికి ఆర్పినచో, దీపపు వేడి మధ్యాహ్నపు వేడితో చేరదు. 120 వాట్ల దీపములు పండ్రెండు గంటలు వెలిగిన నెలకు 43 యూనిట్లగును. ఈ ఖర్చును కూడ గృహిణి ముందే లెక్కచూచుకొనవలయును. ఎండలు ముదిరిన దినములలో ఒక అఱ దీపము నార్పివైచిన వేడియు, ఖర్చును సగము తగ్గును.

రెండవది పైరు మార్చుట. కొత్తిమీర, మెంతి, పాలకూర చలికాలపు కూరలు. వేడిలో కొత్తిమీర ఆకు పెట్టక పూతకు వచ్చును. లెట్యూసు విత్తనము 30 డిగ్రీలు దాటిన పెక్కు రకములలో మొలవనే మొలవదు. తోటకూర, బచ్చలి, గోంగూరలు వేడి నోర్చునవి. ఋతువుతో పోరాడుటకంటె ఋతువును అనుసరించుట చౌక.

మూడవది నీటితో చల్లబఱచుట. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు కావలసిన వేడి, 120 వాట్ల దీపము అయిదున్నర గంటలు వెలిగి యిచ్చు వేడితో సమానము. వట్టివేళ్ళ తడికలను తడిపి కిటికీలకు కట్టిన పెద్దల యుపాయమందలి మర్మ మిదియే. బీరువా క్రిందిదారి ముందు తడిగుడ్డ వ్రేలాడగట్టినను ఫలము కనబడును. కాని యిది పొడిగాలి గల చోటులకే తగును. గాలి 40 డిగ్రీలు, తేమ నూటికి 20 పాళ్ళున్నచో తడిగుడ్డ 22 డిగ్రీల దాక దింపగల యవకాశ మున్నది. సముద్రతీరమున గాలి 35 డిగ్రీలు, తేమ 70 పాళ్ళున్నచో 30కి దిగువ పోదు. రెంటచింతలలోను, రామగుండములోను వేసవి మధ్యాహ్నమున పనిచేయు ఉపాయము మచిలీపట్టణమున తేమను పెంచి తెగులునే తెచ్చును. మంచుగడ్డలు పెట్టుట మఱియు నిష్ఫలము. కిలో మంచు కరగుటలో దీపపు వేడిని ముప్పాతిక గంటసేపు మాత్రమే త్రాగును.

తేమవలన వచ్చు నారుకుళ్ళు తెగులు మొలకల పాలిటి మృత్యువు. మట్టికి తాకినచోట కాడ సన్నబడి నారు నేలకొఱుగును. దీపమారిన పిమ్మట గాలి చల్లబడుటచే తేమ మఱింత హెచ్చును. కావున దీపమారినను పంకా తిరుగుచునే యుండవలయును. నీరు దీపము వెలుగుటకు ముందు పోయవలయును, ఆరిపోవు వేళ పోయరాదు.

చివఱకు ప్రాణరక్షణ. నీరును విద్యుత్తును ఒకే పెట్టెలో నుంచుచున్నామని క్షణమైనను మఱువరాదు. తీగెలు కుండీలకు పైగా నుండవలయును. ప్లగ్గునకు ముందు తీగె కొంచెము క్రిందికి వ్రేలాడి మరల పైకి రావలయును, అప్పుడు జాఱిన నీరు ప్లగ్గులోనికి పోక క్రింద పడును. ఇంటి మీటలపెట్టెలో 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. యున్నదో లేదో పనివానిచే చూపింపవలయును. పంకా ఆగి దీపము మాత్రము వెలుగుచుండుట అపాయకరము. వేడి 45 డిగ్రీలు చేరగనే దీపము నార్పు ఉష్ణరక్షకము నొకటి బిగించిన నిశ్చింత. పళ్ళెములలో నిలిచిన నీటియందు డెంగ్యూ దోమ పెరుగును. వారమునకు రెండుమాఱులు వానిని తోమి ఆరవేయవలయును. గాలిదారులకు దోమతెర తప్పదు.

బీరువాలో నాలుగు మొక్కలు పెంచుట చిన్నపనియే. కాని వేడి యెచ్చట పుట్టుచున్నది, ఎట్లు పోవుచున్నది, ఎంతవఱకు మన చేతిలో నున్నది యని విచారించు బుద్ధి వంటయింటికిని, పిల్లలు నిద్రించు గదికిని అక్కఱకు వచ్చునదియే. సోదరీమణులు పంకా కొనుటకు ముందు ఉష్ణమాపకము కొందురుగాక. ఆ రెండు సంఖ్యలను వారముదినములు ఒక కాగితముపై వ్రాసికొన్నచో, తమ బీరువాకు ఏమి కావలయునో తమకే తేటపడును.