భాషాధ్యయనం నుండి విశ్వాసానికి: లిథువేనియాలో రోమువా

వ్యాససంగ్రహం
పూర్వీకులు ఎన్నడో విడిచిన విశ్వాసంతో ఒక వ్యక్తికి అధ్యయనం ద్వారా ఆత్మీయబంధం ఏర్పడగలదా? ఏర్పడితే దాని ప్రామాణికతను ఎలా నిర్ణయించాలి? లిథువేనియా జానపద పరిశోధకులు యోనాస్ ట్రింకూనాస్ (1939–2014) కృషి ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పేగన్ విశ్వాసం, రోమువా, జానపద గేయాలు, ఆచారాలు, ప్రామాణికత.

1. ఉపోద్ఘాతం
‘పేగన్’ అనే పదానికి మూలం లాటిన్‌లోని ‘పాగానుస్’. గ్రామీణుడు అనేది దాని అర్థాలలో ఒకటి. క్రైస్తవం వ్యాపించాక అన్యదేవతారాధకులను చిన్నచూపుతో పేర్కొనే మాటగా అది స్థిరపడింది. ఆధునిక కాలంలో కొందరు ఆ పేరునే తమ గుర్తింపుగా స్వీకరించారు. ఐరోపాలో చాలా ఆలస్యంగా, 1387లో, అధికారికంగా క్రైస్తవాన్ని స్వీకరించిన రాజ్యం లిథువేనియా. అయితే పాలకుల మతం మారినంత త్వరగా పల్లెల్లోని పాటలు, ఆచారాలు మారలేదు.

2. పాటలలో, ఇంటి పనులలో నిలిచిన దేవతలు
లిథువేనియన్ జానపద గేయాలను ‘దైనా’లు అంటారు. లుద్వికాస్ రేజా 1825లో వీటి తొలి సంకలనాన్ని ప్రచురించారు. ఈ గేయాలలో సూర్యుడు స్త్రీ, చంద్రుడు పురుషుడు. భూమిని ‘జెమీనా’గా, పొయ్యిలోని నిప్పును ‘గాబియా’గా భావించేవారు. రాత్రివేళ గృహిణి నిప్పులపై బూడిద కప్పుతూ ఆమెను ప్రార్థించడం ఇంటి పనిలో భాగం. దీనిని ప్రత్యేకంగా మతమని ఎవరూ పిలవకపోవడం వల్లనే అది నిలిచి ఉండవచ్చు.

3. అధ్యయనం నుండి ఆచరణకు
విల్నియస్ విశ్వవిద్యాలయంలో లిథువేనియన్ భాషాసాహిత్యాలు చదివిన ట్రింకూనాస్‌కు భారతీయ సంస్కృతిపై ఆసక్తి కలిగింది. లిథువేనియన్‌లోని ‘దియెవాస్’, ‘ఉగ్నిస్’, ‘దూమాయ్’, ‘సూనుస్’ పదాలు వరుసగా దేవ, అగ్ని, ధూమ, సూను శబ్దాలకు సజాతీయాలు. తెలుగు కావ్యభాషకు తత్సమాలుగా పరిచితమైన ఈ పదాలు భాషావేత్తకు ధ్వనిసామ్యానికి నిదర్శనాలు. ట్రింకూనాస్‌కు మాత్రం భారతీయ సంప్రదాయ పరిచయం స్వదేశీ గేయాలను కొత్తగా చూపింది. అగ్నిని నేటికీ పూజించే సమాజం ఒకటి ఉందని తెలిశాక, గాబియా ఆయనకు కేవలం పరిశోధనాంశంగా మిగలలేదు.

ఆయన, మిత్రులు కలిసి 1967లో కెర్నవేలో ‘రాసోస్’ అనే వేసవి సంక్రాంతి పండుగను జరిపారు. జానపద సంస్కృతి పేరిట ఏర్పడిన ఆ సంఘాన్ని సోవియట్ ప్రభుత్వం అనుమానించి అణచివేసింది. 1973లో ఆయన విశ్వవిద్యాలయానికి దూరం కావలసి వచ్చింది. 1988 తరువాత ఉద్యమం మళ్ళీ తలెత్తింది. 1992లో ‘రోమువా’ మతసంఘంగా నమోదైంది. 2002లో ఆయన ‘క్రివిస్’ అనే ప్రధానార్చక పదవిని స్వీకరించారు.

4. ప్రామాణికత సమస్య
ప్రాచీన బాల్టిక్ మతం గురించిన రాతలలో అధికభాగం క్రైస్తవ రచయితలవి. గేయసేకరణ చాలా తరువాతిది. కనుక నేటి ఆచరణ ప్రాచీన మతానికి యథాతథ రూపమని చెప్పడానికి ఆధారాలు చాలవు. భాషాసామ్యం కూడా ఆరాధనాసామ్యాన్ని నిరూపించదు. ఈ పరిమితి పరిశోధకుడు విస్మరించరానిది.

అయితే ఆధారాల కొరత వల్ల విశ్వాసి హక్కు తగ్గదు. రాజ్యగుర్తింపు కోరిన రోమువాను 2019లో లిథువేనియా పార్లమెంటు తిరస్కరించింది. ఆ తిరస్కరణలో వివక్ష ఉన్నదని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2021లో తీర్పునిచ్చింది. 2024లో గుర్తింపు లభించింది.

5. ముగింపు
ట్రింకూనాస్ విషయంలో అధ్యయనం కొత్త దేవతలను చూపలేదు. అలవాటుగా పాడుకొనే పాటను, అలవాటుగా కప్పే నిప్పును గుర్తుపట్టే దృష్టిని ఇచ్చింది. ‘ఇది ప్రాచీనమేనా?’ అన్నది చరిత్రకారుని ప్రశ్న. ‘ఇది నాదేనా?’ అన్నది సాధకుని ప్రశ్న. మొదటిదానికి సాక్ష్యం కావాలి, రెండవదానికి ఆచరణే సమాధానం. జానపద వాఙ్మయాన్ని బోధించేవారు ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగితే, సేకరించిన పాటకు, దానిని పాడేవారికి న్యాయం జరుగుతుంది.