రేకుల గదికి ఉష్ణ రక్షణ

రేకుల గది అనగా ఉన్న ఇంటికి ఆనుకొని గానీ, డాబాపైన గానీ, సిమెంటు రేకులు లేదా ఇనుప రేకులు కప్పుగా వేసి తక్కువ ఖర్చుతో నిర్మించుకొనే అదనపు గది. కుటుంబం పెరిగినపుడు, అద్దె ఆదాయం అవసరమైనపుడు ఇటువంటి గదులను వేసుకోవడం తెలుగునాట పరిపాటి. వేసవిలో ఈ గదులు విపరీతంగా వేడెక్కుతాయి. గదిని పడగొట్టి మళ్ళీ కట్టే స్తోమత లేనివారు ఉన్న గదికే మరమ్మతులు చేసి, వేడి లోనికి రాకుండా తక్కువ ఖర్చుతో ఏర్పాట్లు చేసుకోవచ్చును. ఇందులో ముఖ్య సూత్రం ఒక్కటే: మొదటి ఖర్చు కప్పు మీద, అందునా కప్పు పైభాగాన పెట్టాలి.

వేడి ఎలా వస్తుంది

వేసవిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది కప్పు వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు. అంటే ఆ కప్పు మీద 11,000 వాట్ల శక్తి పడుతున్నదన్నమాట. ఇది వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు పదకొండు కప్పు మీద పెట్టినదానితో సమానం. ఇందులో గదిలోనికి చేరేది కొంత భాగమే అయినా, ఆ భాగమే గదిని కొలిమిగా మార్చడానికి చాలు.

రేకు చాలా పలుచన. అందువలన ఉష్ణ వహనం ద్వారా వేడి కొద్ది నిమిషాలలోనే రేకు అడుగు భాగానికి చేరుతుంది. కాగిన రేకు ఉష్ణ వికిరణం ద్వారా కింద ఉన్న మనుషులను, వస్తువులను వేడిచేస్తుంది. అందుకే పంకా తిరుగుతున్నా తలమీద సెగ తగులుతూనే ఉంటుంది. కాంక్రీటు కప్పు దీనికి భిన్నం. అది పగలంతా వేడిని దాచుకొని సాయంత్రం తరువాత వదులుతుంది. కనుక రేకుల గది పగలు, కాంక్రీటు గది రాత్రి ఎక్కువగా బాధిస్తాయి.

ఎవరికి ప్రమాదం

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. వడదెబ్బ ఎండలో తిరిగేవారికే తగులుతుందనే అభిప్రాయం సరికాదు. గాలి ఆడని వేడి గదిలో పగలంతా ఉండే వృద్ధులు, పసిపిల్లలు, మంచం పట్టిన రోగులు, ఇంటివద్దే కుట్టుపని చేసుకొనేవారు, బీడీలు చుట్టేవారు కూడా దీని బారిన పడతారు.

పనుల వరుస

1. కారే చోట్లు సరిచేయుట. తడిసిన కప్పుకు ఏ పూతా నిలవదు. వదులైన హుక్కులను బిగించి, పాడైన వాషర్లను మార్చి, రేకులు గోడను కలిసే చోట సందులు పూడ్చాలి.

2. తెల్లని పూత. కొత్తగా వేసిన తెల్ల సున్నం సూర్యరశ్మిలో మూడింట రెండు వంతులకు పైగా వెనక్కు పంపుతుంది. అన్నిటికంటే చౌకైన పద్ధతి ఇదే. అయితే వానలకు సున్నం కొట్టుకుపోతుంది, దుమ్ముకు మాసిపోతుంది. కనుక ఏటా వేసవికి ముందు మళ్ళీ వేయాలి. కూల్ రూఫ్ పెయింటుకు ఖర్చు ఎక్కువైనా అది కొన్నేళ్ళు నిలుస్తుంది. ఇదే తెల్లరంగు కప్పు లోపలి వైపు వేస్తే గదికి వెలుతురు వస్తుంది గానీ వేడి తగ్గదు.

3. నీడ. పడమటి గోడకు సాయంకాలపు ఎండ సూటిగా తగులుతుంది. అక్కడ తాటాకు పందిరి, వెదురు తడిక, లేదా బీర, చిక్కుడు వంటి తీగెలు పాకించిన పందిరి వేస్తే గోడ కాగదు.

4. లోకప్పు. రేకుకు కొంత దిగువన మరో కప్పు వేసి, రెంటి నడుమ గాలి పొర ఉంచాలి. ఈ ఖాళీకి ఎదురెదురుగా రంధ్రాలు వదిలి, ఎలుకలు దూరకుండా జాలీ బిగిస్తే వేడిగాలి బయటకు పోతుంది.

5. ఉష్ణ బంధకం. లోకప్పు మీద థర్మోకోల్ గానీ రాక్‌వూల్ గానీ పరుస్తారు. కాంక్రీటుతో పోల్చితే థర్మోకోల్ ఉష్ణ వాహకత ముప్పై రెట్లకు పైగా తక్కువ. దానిలో చిక్కుకున్న గాలియే ఇందుకు కారణం. అల్యూమినియం రేకు అతికించిన పట్టలు వాడితే మెరిసే వైపు తప్పనిసరిగా గాలి పొర ఉండాలి. రేకును తాకేలా అంటిస్తే ప్రయోజనం ఉండదు.

డబ్బు తక్కువగా ఉన్నవారు మొదటి మూడు పనులు ఒక వేసవికి, మిగిలినవి మరో వేసవికి చేసుకోవచ్చును. ముందుగా ఏసీ కొనడం వలన కరెంటు బిల్లు పెరుగుతుందే గానీ కప్పు నుండి వచ్చే వేడి ఆగదు.

జాగ్రత్తలు

పాత సిమెంటు రేకులలో అధికభాగం ఆస్బెస్టాస్ నారతో చేసినవి. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది. కనుక ఈ రేకులను పొడిగా గీకడం, కోయడం, రంధ్రాలు చేయడం తగదు. పూతకు ముందు నీటితో తడిపి మెత్తని బ్రష్షుతో మాత్రమే శుభ్రం చేయాలి. పాత రేకులు పెళుసుగా ఉంటాయి. వాటి మీద నేరుగా కాలు మోపితే విరిగి కింద పడే ప్రమాదం ఉన్నది. దూలాలకు అడ్డంగా బలమైన చెక్క పరచి, దానిమీద నుండే పని చేయాలి.

థర్మోకోల్ త్వరగా అంటుకొని విషపు పొగ వదులుతుంది. దానిని పైకి కనబడేలా వదలక జిప్సం బోర్డు వంటి మండని పదార్థంతో కప్పాలి. వంటగదిలో రాక్‌వూల్ మేలు. కరెంటు తీగెలను గొట్టాలలోనే నడపాలి. వేడి రాకూడదని కిటికీలు శాశ్వతంగా మూసివేయడం పొరపాటు. పగలు మూసి, రాత్రి తెరవడం మంచిది.

ప్రభుత్వ విధానం

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 సంవత్సరాలకు కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. దీని ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు చల్లని కప్పు తప్పనిసరి. అంతకంటే చిన్న స్థలాలలోని ఇళ్ళకు ఇది ఐచ్ఛికం. రేకుల గదులు ఎక్కువగా ఉండేది ఈ చిన్న ఇళ్ళలోనే. కాబట్టి వాటికి సున్నపు బకెట్టు, కుంచె పట్టవలసినది ఆ ఇంటివారే.