దోషమెక్కడ నున్నది?

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున పుప్పాలగూడ యను ఊరు కలదు. ఒకప్పుడు రాతిగుట్టల నడుమ నొదిగియుండిన యీ పల్లె, నేడు మిన్నంటు మేడలతో మహానగరమున కలిసిపోయినది. ఉద్యోగ విరమణానంతరము నేనిచ్చట నా కుమారుని యింట నివసించుచున్నాను. పదవ తరగతి చదువుచున్న నా మనుమనికి గిటారు వాయించుటయందు మిక్కిలి ప్రీతి. అతడును, ఎదురింటి మిత్రుడును కూడి ఒక వేసవి సెలవులలో గిటారునకు కావలసిన ఆంప్లిఫయరును స్వయముగా నిర్మించిరి.

విద్యుద్గిటారు తీగల క్రింద అయస్కాంతమును, దాని చుట్టు సన్నని రాగితీగ చుట్టయు నుండును. ఉక్కు తీగ కంపించినపుడు ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని అనేక మడుగులు పెంచి స్పీకరున కందించునదియే ఆంప్లిఫయరు. బాలురు తమ యంత్రమునందు రెండు మార్గముల నేర్పరచిరి. ఒకదానినుండి స్వచ్ఛమైన నాదమును, రెండవదానినుండి గరగరలాడు నాదమును వెలువడును. కాలితో మీటను నొక్కగనే ఒక మార్గము మూసికొని మరియొకటి తెరచుకొనును. ఈ మార్పును చేయు పరికరమునకు రిలే యని పేరు.

విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి ముల్లు కదలునని 1820వ సంవత్సరమున డెన్మార్కు దేశీయుడగు ఆయిర్‌స్టెడ్ కనుగొనెను. ఇనుప కడ్డీకి తీగను చుట్టి విద్యుత్తును పంపినచో నది అయస్కాంతమగును. విద్యుత్తు నాపినచో ఆ గుణము పోవును. ఈ సూత్రము నాధారముగా గొని అమెరికా శాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హెన్రీ 1835లో రిలేను రూపొందించెను. తంతివార్త దూరము పోయి క్షీణించినపుడు, మిగిలిన ఆ కొద్ది విద్యుత్తు రిలేలోని అయస్కాంతమును మేల్కొలిపెడిది. అయస్కాంతము చిన్న రేకు నాకర్షించి, క్రొత్త బ్యాటరీగల మరియొక వలయమును కలిపెడిది. పూర్వము వార్తాహరులు అలసిన గుఱ్ఱమును విడిచి, అంచెలో సిద్ధముగా నున్న క్రొత్త గుఱ్ఱము నెక్కి సాగెడివారు గదా! ఇదియు నట్టిదే. కావున రిలేను మనము అంచె యని పిలిచినను తప్పులేదు.

వినాయక చవితి ఉత్సవములలో తమ భవన ప్రాంగణమున వాయింపవలెనని బాలురు నిశ్చయించుకొనిరి. ఉత్సవము నాలుగు దినములున్నదనగా యంత్రమున నొక వింత దోషము కానవచ్చెను. మెల్లగా వాయించినంతసేపు అంతయు బాగుగనే యుండెను. గట్టిగా వాయింపగనే లోపల రిలే గుఱ్ఱుగుఱ్ఱుమని మూలుగుచు, నాదమును తనంత తానే మార్చివేయుచుండెను.

రిలేను కొని తెచ్చి అతికినవాడు ఎదురింటి బాలుడు. “నీవు తెచ్చినది చెడ్డ రిలే” యని నా మనుమడు వానిని నిందించెను. ఆ బాలుడు చిన్నబుచ్చుకొని మరల మా గడప త్రొక్కలేదు. మనుమడు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి క్రొత్త రిలేను తెచ్చి బిగించెను, దోషము పోలేదు. రెగ్యులేటరును మార్చెను; అప్పటికిని పోలేదు. దాచుకొన్న డబ్బు మాత్రము పోయినది.

అతడు దిగులుగా కూర్చుండుట చూచి నేనిట్లంటిని: “నాయనా! నేను తెలుగు పండితుడను. నీ విద్య నాకు రాదు. కాని యొక మాట చెప్పెదను. పద్యము బోధపడనిచో దానిలోని పదములను మార్చి చూతుమా? మొదట క్రియను గుర్తించి, దానికి కర్త యెవ్వరు, కర్మ యేది యని వరుసగా ప్రశ్నించుకొని అన్వయించుకొందుము. నీ యంత్రమునకును అట్లే అన్వయము చేయుము. రిలేకు శక్తి యెచ్చటినుండి వచ్చుచున్నది?”

అతడు కాగితముపై బొమ్మ గీసి చెప్పసాగెను. “తాతయ్యా! గోడనుండి వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు దానిని 12 వోల్టులకు తగ్గించును. ఇది సెకనునకు 50 సారులు ముందువెనుకలకు ఊగులాడు విద్యుత్తు. దాని శిఖరము సుమారు 17 వోల్టులు. నాలుగు డయోడులు దాని నొకే దిశకు మరలించును. అట్లు మరలించుటలో కొంత తగ్గి, 15 వోల్టులకు పైగా మిగులును. అయినను అది సెకనునకు 100 సారులు శూన్యమునకు పడిపోవుచుండును. అట్లు పడకుండ కెపాసిటరు కాపాడును.”

“కుళాయి వచ్చునపుడు నిండి, రానపుడు నీరిచ్చు తొట్టివలెనా?” అంటిని.

“అవును. ఆపై రెగ్యులేటరు నిలుకడగా 12 వోల్టులను రిలేకు ఇచ్చును. కాని దానికి 14 వోల్టులైనను అందవలెను.”

“అట్లయిన ప్రతి మెట్టునందును కొలిచి చూడుము. కొలువక దేనిని నిందింపకుము.”

230 వోల్టుల భాగము ప్రాణాంతకమైనది. దానిని ముందే ఎలక్ట్రీషియను చేత మూయించియుంటిమి. చిన్నవారు ఆ భాగమును తాకరాదు. మనుమడు తక్కువ వోల్టుల వైపున మాత్రమే మీటరు నుంచి, రిలేను పనిచేయించి, ఎండిన కఱ్ఱపుల్లతో పలకను మెల్లగా తట్టెను. ట్రాన్స్‌ఫార్మరు కడ 12 వోల్టులు చలింపలేదు. డయోడుల తరువాత తట్టకమునుపు 15 వోల్టులు దాటియుండెను. తట్టగనే 9 వోల్టుల చెంతకు పడిపోయెను. ఆ క్షణముననే రిలే మూలిగెను. 12 వోల్టుల రిలే తన రేకును గట్టిగా ఆకర్షించుటకు సాధారణముగా 9 వోల్టులైనను కావలెను. రెగ్యులేటరు తన భాగమును మినహాయించుకొనగా రిలేకు అంతకంటె తక్కువయే అందుచుండెను. పాపము, అది ఆకలిచే మూలిగినదే కాని రోగముచే గాదు!

దోషము డయోడులదా, కెపాసిటరుదా? యంత్రము నాపి, మంచి కెపాసిటరు నొకదానిని పాతదానికి జోడుగా, ధన ఋణముల కొనలను సరిచూచి తగిలించి, మరల తట్టి చూచెను. 15 వోల్టులు చెక్కుచెదరలేదు. డయోడులు నిర్దోషులని తేలినది. పిమ్మట యంత్రము నాపి, భూతద్దముతో పలక వెనుక భాగమును పరీక్షించితిమి. పాత కెపాసిటరు కాలిచుట్టు టంకము కాంతిహీనమై, వెండ్రుకవంటి గుండ్రని పగులు కలిగియుండెను. పొడవైన ఆ కెపాసిటరు పెద్ద శబ్దమునకు ఊగినపుడెల్ల కాలు విడివడుచుండెను. అందుచేతనే మెల్లగా వాయించునపుడు దోషము కనబడలేదు.

మనుమడు కొంతసేపు మాటాడలేదు. పిదప, “తాతయ్యా! ఈ కాలు అతికినది నేనే” అనెను.

టంకమును మాత్రమే కరిగించి పైన పోసినచో అతుకు నిలువదు. కాలును, పలకమీది రాగిని ముందు వేడిచేసి, ఆ వేడికే టంకము కరిగి ప్రవహించునట్లు చేయవలెను. అట్లు చేసి, ఊగకుండ కెపాసిటరు అడుగున కొంచెము జిగురును పెట్టెను. యంత్రము చక్కబడినది. కాని మనుమడు వెంటనే గిటారును చేపట్టలేదు. చెప్పులు తొడిగికొని ఎదురింటికి పోయెను. వచ్చునపుడు ఇరువురును కలిసి వచ్చిరి. చవితినాడు ప్రాంగణమున వారి వాద్యము ఎట్టి మూలుగును లేక మ్రోగినది.

విద్యార్థులారా! దోషము కనబడుచోటు వేరు, దోషముండుచోటు వేరు. ధ్వని చేసినది గదా యని రిలేను శిక్షించుట సులభము. వెనుకకు నడచి కారణమును కనుగొనుటయే శాస్త్రము. యంత్రమును గూర్చియే కాదు, తోటివానిని గూర్చియు తీర్పు చెప్పుటకు ముందు కొలిచి చూచుట మంచిది.