పుప్పొడి పడిశము - ఇంటి వైద్యము

ప్రతి సంవత్సరము జూన్ మాసమున బడి తెరచి, నాలుగు వానలు పడిన పిమ్మట మా తరగతులలో తుమ్ములు మొదలగును. కొందరు పిల్లలు వరుసగా పది పదునైదు మారులు తుమ్మెదరు. ముక్కునుండి నీరు కారును, కన్నులు ఎఱ్ఱబడి దురద పెట్టును. జ్వరము ఉండదు గాన తల్లిదండ్రులు దానిని లెక్కచేయరు. కాని అట్టి పిల్లవాడు రాత్రి నోటితో గాలి పీల్చుచు సరిగా నిద్రింపలేడు. పగలు తరగతిలో కునుకు తీయును. ఇంట సోమరి యనియు, బడిలో మందమతి యనియు వానికి పేరు పడును. దోషము ముక్కున నుండగా నింద బుద్ధిపై పడుచున్నది. అందుచేత ఈ విషయమును గూర్చి తల్లిదండ్రులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మన ఇండ్లలో దీనిని పడిశమనియు, జలుబనియు, రొంప యనియు అందురు. ఇచ్చటి కన్నడ సోదరులు నెగడి అందురు. పేరు ఏదైనను, ఆ ఒక్క పేరుతోనే రెండు వేర్వేరు బాధలను పిలుచుచున్నాము. మొదటిది అంటు పడిశము. ఇది ఒకరినుండి యొకరికి సోకును. గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, ఒక్కొక్కప్పుడు జ్వరము ఉండును. సామాన్యముగా వారము పది దినములలో తగ్గిపోవును. రెండవది పుప్పొడి పడిశము. ఇది అంటునది కాదు. దీనిలో దురద ముఖ్యలక్షణము. వారములకొలది సాగును, ఏటేట అదే ఋతువున మరల వచ్చును. పిల్లవాడు అరచేతితో ముక్కును మాటిమాటికి పైకి రుద్దుకొనుట, కన్నుల క్రింద నల్లని ఛాయ కనబడుట దీని గుర్తులు.

ఈ వ్యాధికి కారణము తెలియుటకు చాల కాలము పట్టినది. 1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాక్ తనకే కలిగిన ఈ బాధను వర్ణించెను. వేసవి వేడిమియే కారణమని ఆనాడు తలచిరి. మాంచెస్టరు నగర వైద్యుడు చార్లెస్ బ్లాక్‌లే గడ్డిపూల పుప్పొడిని తనపైననే ప్రయోగించి చూచి, దోషము పుప్పొడిదే యని 1873లో గ్రంథరూపమున ప్రకటించెను. 1906లో ఆస్ట్రియా వైద్యుడు పిర్కే ‘అలెర్జీ’ అను పదమును కల్పించెను. హాని చేయని పుప్పొడిని శరీరము శత్రువుగా భావించి దానిపై యుద్ధము ప్రకటించుటయే ఈ వ్యాధి. ఆ యుద్ధములో శరీరము వెలువరించు హిస్టమిన్ అను పదార్థము వలననే తుమ్ము, దురద, నీరు కారుట కలుగును. ఇది చలువ చేయుట వలన వచ్చినది కాదు. కావున పెరుగు, అరటిపండు మాన్పించినంత మాత్రమున ఇది తగ్గదు. ఆ ఆహారమే పడదని వైద్యుడు తేల్చిన సందర్భము వేరు.

అన్ని పూలును దోషము చేయవు. మల్లె, గులాబి వంటి పూల పుప్పొడి బరువైనది. తేనెటీగలు మోసికొని పోవునే గాని గాలిలో అంతగా ఎగురదు. గడ్డిజాతులు, సరుగుడు, సర్కారుతుమ్మ మున్నగువాని పుప్పొడి తేలికయై గాలిలో తేలియాడును. మన బెంగుళూరు నగరమున వీనికి తోడు వయ్యారిభామ కలదు. దీనినే ఇచ్చట కాంగ్రెస్ గిడ అందురు. మా పిల్లలలో కొందరు ఈ రెండు పేరులును వినియుండియు, అవి ఒక్క మొక్కవే యని ఎరుగరు. క్యారెట్టు ఆకు వంటి ఆకు, చిన్న చిన్న తెల్లని పూలు దీని ఆనవాలు. ఇది అమెరికా ఖండపు మొక్క. 1950ల మధ్యకాలమున పూనాలో గుర్తింపబడి, తరువాత దేశమంతట వ్యాపించినది. 1991లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ముక్కు పడిశముతో బాధపడు రోగులలో 34 శాతమునకు, ఉబ్బస రోగులలో 12 శాతమునకు దీని పుప్పొడి చర్మపరీక్షలో పడలేదని తేలినది. దీనిని తాకిన కొందరికి చర్మముపై దద్దురులును లేచును.

ఇక ఇంటి వైద్యము. దీనిని మూడు తరగతులుగా విభజించి చెప్పెదము.

మొదటి తరగతి నిజముగా మేలు చేయునది. అందు ముఖ్యమైనది ఉప్పునీటితో ముక్కు కడుగుట. యోగశాస్త్రమున దీనిని జలనేతి అందురు. ఇది ముక్కులో అంటియున్న పుప్పొడిని కడిగివేయును. అరలీటరు నీటికి చిన్న టీ చెంచాతో ముప్పాతిక చెంచా, అనగా ఇంచుమించు 4.5 గ్రాముల ఉప్పు చాలును. నీటిని తప్పక బాగుగా మరగించి, గోరువెచ్చగా చల్లార్చి వాడవలెను. కొళాయి నీరు, బావినీరు మరగింపక వాడరాదు. అట్టి నీటిలో నేగ్లేరియా అను సూక్ష్మజీవి యున్నచో ముక్కు ద్వారా మెదడునకు ప్రాకి ప్రాణము తీయవచ్చును. ఇది అరుదే యైనను మిక్కిలి ఘోరము. చెప్పినది గ్రహింపగల వయస్సు పిల్లలకే దీనిని నేర్పవలెను, బలవంతపెట్టరాదు. చెవినొప్పి యున్నప్పుడును, ముక్కు పూర్తిగా మూసికొనిపోయినప్పుడును చేయరాదు.

దీనితో సమానమైనది పుప్పొడిని ఇంటిలోనికి రానీయకుండుట. సాయంకాలము ఇంటికి వచ్చినతోడనే పిల్లవాడు బట్టలు మార్చి, ముఖము, తల కడిగికొనవలెను. ఆ ఋతువున ప్రక్కబట్టలు ఆరుబయట ఆరవేయరాదు. గాలి విసరునప్పుడు కిటికీలు మూయవలెను. చీపురుతో దుమ్ము లేపుటకంటె తడిగుడ్డతో నేల తుడుచుట మేలు. ఇందులో ఖర్చు ఏమియు లేదు.

రెండవ తరగతి సుఖము నిచ్చునదియే గాని వ్యాధిని మాన్పునది కాదు. మిరియాల చారు, శొంఠి కషాయము, తులసి నీరు, పసుపు వేసిన పాలు ఇట్టివి. ఇవి గొంతునకు హాయి గూర్చును, ఇష్టమైనచో ఇయ్యవచ్చును. కాని ఇవి పుప్పొడి పడిశమును కుదుర్చునని గట్టి నిదర్శనము లేదు. స్థానికమైన తేనె తినిన పుప్పొడి అలవాటై వ్యాధి పోవునని కొందరందురు. తేనెలో నుండునది ముఖ్యముగా తేనెటీగలు తెచ్చు పుప్పొడి. మనలను బాధించునది గాలి తెచ్చు పుప్పొడి. అందుచే ఆ వాదము నిలువదు. ఏడాది నిండని శిశువునకు తేనె ఏ కారణముచేతను పెట్టరాదు. దానివలన బాట్యులిజము అను విషవ్యాధి కలుగవచ్చును.

మూడవ తరగతి హాని చేయునది. మరుగు నీటి గిన్నెపై దుప్పటి కప్పి పిల్లవానిచే ఆవిరి పట్టించుట మన ఇండ్లలో పరిపాటి. గిన్నె తొలగి పిల్లలు కాలుట వైద్యులు తరచుగా చూచు ప్రమాదము. ఆవిరి వలన కలుగు సుఖమో, కొద్దిసేపటిది. ఉబ్బసపు లక్షణములున్న బిడ్డ గదిలో సాంబ్రాణి, వాము పొగ వేసినచో ఊపిరి మరింత బిగియును. శిశువుల ముక్కులో నూనె చుక్కలు వేసిన అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కర్పూరము, నీలగిరి తైలము కొద్దిగా మ్రింగినను చిన్నపిల్లలకు మూర్ఛ రావచ్చును గాన వానిని అందకుండ దాచవలెను. పేరు తెలియని పొడులను కొనరాదు. అట్టివానిలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భములు కలవు.

ఇంటి వైద్యమునకు ఒక ఎల్ల కలదు. రాత్రులు దగ్గు, పిల్లికూతలు, ఆయాసము, ఆటలో త్వరగా అలసిపోవుట కనబడినచో అది ఉబ్బసము కావచ్చును; వెంటనే వైద్యుని చూడవలెను. మాటాడుటకు ఊపిరి చాలకున్నను, పెదవులు నీలివర్ణమైనను క్షణమైన ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను. ఇన్‌హేలరు ఒకమారు పట్టిన జన్మాంతము విడువదను భయము తగదు. వ్యాధి అట్టిదైనచో మందు కావలెను గాని, మందువలన వ్యాధి నిలువదు. వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును మాన్పించి కషాయము పట్టించుట ప్రమాదము. ముక్కు తెరచు చుక్కలను అయిదు దినములు మించి వాడినచో ముక్కు మరింత బిగియును. పాతరకపు తుమ్ము మాత్రలు కొన్ని నిద్ర తెచ్చును. నిద్ర తక్కువ తెచ్చునవి యున్నవా యని వైద్యుని అడుగవలెను.

ఇక వయ్యారిభామ మాట. 1983లో దీనిని తిను పురుగును మెక్సికోనుండి మన దేశమునకు తెప్పించిరి. ఐనను మొక్క నశింపలేదు. పూయకముందే వేళ్లతో పెరికివేయుటయే మన చేతిలోనున్న సులభోపాయము. తగిరిస మొక్కలు దట్టముగా పెరిగినచోట ఇది అణగును. పెరుకువారు చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ ధరింపవలెను. ఇది పడనివారు ఆ పనికి పోరాదు. మా పాఠశాలలో ఈ పనిని పిల్లలచేత చేయింపము. తొలి వానలు పడిన రెండు మూడు వారములలో, మొక్కలు పూత పట్టకముందే, ఒక ఆదివారము పెద్దలు కొందరు వచ్చి పాఠశాల ఆవరణమును, దాని వెనుక ఖాళీ స్థలమును శుభ్రపరచిన మాకు గొప్ప సహాయమగును.

పడిశమే గదా యని ఊరకుండక, ఏ మాసమున మొదలైనది, ఎన్ని దినములున్నది, రాత్రి దగ్గు కలదా యని ఒక కాగితముపై వ్రాసియుంచుడు. వైద్యునకు అది సగము పరీక్షతో సమానము. ఆ కాగితము నకలు ఒకటి మాకును పంపుడు. పిల్లవాడు తరగతిలో కునికినప్పుడు ఉపాధ్యాయుడు కోపింపక కారణము తెలిసికొని మెలగును.

- ప్రధానోపాధ్యాయుడు