ఫొటోల మూట: ప్రభల తీర్థం నుంచి ప్లూటో దాకా

కనుమ నాడు కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల శివుళ్లు వెదురుతో కట్టిన ప్రభల మీద వచ్చి ఒకచోట చేరతారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు... ఏ ఊరి ప్రభ ఆ ఊరివాళ్ల భుజాల మీద, పచ్చని వరిచేల మధ్య నుంచే వస్తుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు మాత్రం కౌశిక పాయలోకి దిగి రావాలి. పీకల్లోతు నీళ్లలో మనుషులు, వాళ్ల భుజాల మీద రంగుల ప్రభ, ఒడ్డు మీద ‘అశ్శరభ శరభ’ అన్న కేకలు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

ప్రభ నీళ్లు దాటే ఆ కాసేపు ఒడ్డున ఉన్న కెమెరాలు ఎంత పని చేస్తాయో లెక్క వేసి చూడండి. 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక రా ఫైలు దాదాపు 50 ఎంబీ. సెకనుకు 20 ఫ్రేముల చొప్పున నొక్కి పట్టుకుంటే సెకనుకు ఒక జీబీ! పైన ఎగిరే డ్రోన్ 100 మెగాబిట్ల వేగంతో ఫోర్‌కే వీడియో తీస్తుంటే గంటకు 45 జీబీ. సంక్రాంతికి కొత్తపేట ప్రభలు, కనుమకు జగ్గన్నతోట, మర్నాడు అంతర్వేది సాగరసంగమం చూసుకుని వెళ్దామని వచ్చిన ఫొటోగ్రాఫర్ మూడు రోజుల్లో ఒక టెరాబైటు నింపగలడు. ఇంత మూట ఎందులో కట్టుకోవాలి, ఇంటికి క్షేమంగా ఎలా చేర్చాలి? ప్రయాణం చేసే ప్రతి ఫొటోగ్రాఫర్‌కూ నూటయాభై ఏళ్లుగా ఉన్న సమస్యే ఇది. దీని చుట్టూ ఉన్న రికార్డులు, వింతలు తిరగేస్తే ఏ పరికరం కొనాలో కూడా తేలుతుంది.

అన్నిటికన్నా బరువైన మూట

ప్రపంచంలో తొలి హార్డ్‌డిస్కు 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలోది. 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు, టన్నుకు మించిన బరువు. అంతా కలిపి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే నాలుగు ఎంబీ కూడా లేదు. పైన చెప్పిన రా ఫైలు ఒక్కటి దాచాలంటే అలాంటి యంత్రాలు పద్నాలుగు కావాలి.

దాన్ని వీపున మోసిన ఫొటోగ్రాఫర్ లేడు గాని గాజు మోసినవాళ్లు ఉన్నారు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి కోటలు, దర్బార్లు, వేటలు తీశారు. ఆయన కాలంలో ఒక ఫొటో అంటే ఒక గాజు పలక. వంద ఫొటోలు తేవాలంటే వంద పలకలు పెట్టెల్లో సర్ది, బండి కుదుపులకు పగలకుండా తేవాలి. అలా తెచ్చినవాటిలో 2,857 గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ ఉన్నాయి. 1905లో కన్నుమూసిన మనిషి దాచిన మూట అది. ఇవాళ మనం కొనే ఏ హార్డ్‌డిస్కుకూ అంత ఆయుష్షు ఇస్తామని కంపెనీలు రాసివ్వవు.

అతి కఠినమైన ఎంపిక

ఫొటోల భద్రత మాట వస్తే నేను ముందు చెప్పే పేరు ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ. అన్వేషకుడు షాకిల్టన్ బృందంతో అంటార్కిటికా వెళ్లినప్పుడు వాళ్ల ఓడ ఎండ్యూరెన్స్ మంచులో చిక్కుకుని 1915లో నలిగిపోయింది. నెగటివ్‌లున్న డబ్బాలు ఓడలో నీళ్ల అడుగున ఉండిపోయాయి. హర్లీ బట్టలు విప్పేసి, గడ్డకట్టుకుపోయే ఆ మంచు నీళ్లలోకి దూకి వాటిని పైకి తీశాడు. డబ్బాలకు సీలు వేసి ఉండటంతో లోపలి పలకలు పాడవలేదు.

అసలు బాధ ఆ తరువాత వచ్చింది. ముందున్నది మంచు మీద నడక, పడవ ప్రయాణం. అన్ని పలకలూ మోయడం కుదరదు. హర్లీ, షాకిల్టన్ ఇద్దరూ మంచు మీద కూర్చుని ఒక్కొక్కటే చూసి 120 ఉంచుకున్నారు. మిగిలిన దాదాపు 400 పలకలను అక్కడికక్కడే పగలగొట్టారు. అలాగే వదిలేస్తే తరువాత మనసు మారి వెనక్కి వస్తామేమోనని! ఆ పైన హర్లీ చేతిలో మిగిలింది జేబులో పట్టే చిన్న కొడాక్ కెమెరా, మూడు ఫిల్మ్ రోళ్లు. ఆ యాత్ర గురించి ప్రపంచానికి గుర్తున్న బొమ్మలు ఆ 120లోవీ, ఆ మూడు రోళ్లలోవీ.

హర్లీ డబ్బాకు వేసిన సీలు ఇప్పుడు మనం ఐపీ రేటింగు పేరుతో కొనుక్కుంటున్నాం. కోనసీమకు వచ్చేవాళ్లు ఈ అంకెలు తప్పక చూడాలి. ఐపీ65 అంటే దుమ్ము చొరబడదు, మీద పడే నీటి ధారకు తట్టుకుంటుంది, అంతే. మునిగితే హామీ లేదు. ఐపీ67 అయితే మీటరు లోతున అరగంట మునిగినా తట్టుకోవాలి. కౌశికలో దిగి తీసేవాళ్లకు, పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటేవాళ్లకు రెండోదే మేలు. ఈ పరీక్షలు మంచినీటిలో చేసేవని కూడా గుర్తుంచుకోవాలి. అంతర్వేది దగ్గర వశిష్ఠ కలిసేది సముద్రంలో. ఉప్పునీరు తగిలిన డిస్కును, పోర్టు మూత బిగించి ఉందని చూసుకుని, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే కేబులు పెట్టాలి. డిండి పడవల్లో రాత్రి బస చేసేవాళ్లు ఏసీ గదిలోంచి తీసిన డిస్కును వెంటనే బయటి గాలిలో వాడకూడదు. చల్లటి లోహం మీద చెమ్మ పడుతుంది. నాలుగు సిలికా జెల్ పొట్లాలు, గట్టిగా మూతపడే డబ్బా ఒకటి ఉంటే ఈ బెడద సగం పోతుంది.

ముప్పై మూడేళ్లు మంచులో

1897లో స్వీడన్‌కు చెందిన ఆంద్రే బృందం బెలూన్ మీద ఉత్తర ధ్రువానికి బయల్దేరి తిరిగి రాలేదు. 1930లో క్విటోయా దీవిలో వాళ్ల అవశేషాలు దొరికాయి. వాటితో పాటు నిల్స్ స్ట్రిండ్‌బర్గ్ తీసిన ఫిల్ములూ దొరికాయి. 240 ఫ్రేముల్లో 93 బొమ్మలను స్టాక్‌హోంలో జాన్ హెర్ట్‌జ్‌బర్గ్ బయటికి తీయగలిగాడు. కడగని ఫిల్మ్ మంచులో 33 ఏళ్లు నిలిచిందన్నమాట.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో దాచే మన ఎస్‌ఎస్‌డీ అలా నిలవదు. పరిశ్రమ ప్రమాణం ప్రకారం, రాయగలిగినంతా రాసేసి అరిగిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర, కరెంటు అందకుండా ఒక ఏడాది పాటు సమాచారాన్ని నిలబెట్టుకుంటే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువ కాలమే ఉంచుతుంది. అయినా మన ఉక్కలో బీరువాలో పడేసి ఏళ్లతరబడి మరచిపోయే వస్తువు కాదది. ప్రయాణానికి ఎస్‌ఎస్‌డీ, ఇంట్లో దాపుకు మామూలు హార్డ్‌డిస్కులు అని పని పంచుకోవడం మంచిది. హార్డ్‌డిస్కుకు ఇంకో పరిమితి ఉంది: లోపలి హెడ్డు తిరిగే పళ్లెం మీద పలచని గాలి పొరపై తేలుతుంది గనుక మామూలుగా 3,000 మీటర్ల ఎత్తు వరకే వాడమంటారు. కోనసీమలో ఎత్తు సమస్య కాదు, కుదుపులే సమస్య. ఇక్కడి నుంచి లద్దాఖ్ వెళ్లేవాళ్లకు రెండూ సమస్యే.

తొలి అడుగులు

1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా 3.6 కిలోలు. బొమ్మ చేరేది మామూలు క్యాసెట్‌లోకి, ఒక్కొక్కదానికి 23 సెకన్లు. టేపుకు 30 బొమ్మలు చాలనుకున్నాడు. ఫిల్మ్ రోళ్లలో 24, 36 అలవాటైన జనానికి ఆ అంకె సరిపోతుందని ఆయన ఆలోచన.

1991లో కొడాక్ డీసీఎస్ వచ్చింది. 1.3 మెగాపిక్సెళ్లు. కెమెరాకు కేబులుతో కట్టిన పెట్టె ఒకటి భుజాన వేలాడుతూ ఉండేది. అందులో 200 ఎంబీ డిస్కు, చిన్న తెర. కుదించకుండా దాస్తే 156 ఫొటోలు. ఆ పరికరాలు అమ్ముడైనవి 987 మాత్రమే. నా దృష్టిలో ప్రయాణ ఫొటోగ్రాఫర్ నిల్వ పెట్టెకు అదే మూలపురుషుడు.

2000 నాటికి డిజిటల్ వాలెట్ అనే పెట్టె కనిపించింది. ల్యాప్‌టాప్ అక్కర్లేకుండా కార్డు పెడితే 6 జీబీ దాకా తనలోకి లాగేసుకునేది. 2004లో ఎప్సన్ పీ-2000 వచ్చేసరికి 40 జీబీతో పాటు బొమ్మలు చూసుకోవడానికి 3.8 అంగుళాల మంచి తెర కూడా ఉంది. తరువాత పదేళ్లు ఈ జాతి వెలిగింది. 2014లో వెస్టర్న్ డిజిటల్ కార్డు స్లాటు, వైఫై రెండూ కలిపిన డిస్కు తెచ్చింది. ఆ తరువాత ఈ రకం పెట్టెలు ఒక్కొక్కటే దుకాణాల నుంచి తప్పుకున్నాయి. వాటి పని చేసే వస్తువు ప్రతి జేబులోకీ వచ్చేసింది మరి. టైప్-సీ పోర్టున్న ఫోను, చిన్న హబ్బు, కార్డు రీడరు, ఎస్‌ఎస్‌డీ ఉంటే జగ్గన్నతోట గట్టు మీద కూర్చునే కాపీ చేయొచ్చు. 2023లో ఐఫోన్ కూడా ఆ పోర్టుకే మారాక ఈ పద్ధతికి ఎదురు లేకుండా పోయింది.

ఇక్కడ కొనేముందు చూడవలసినవి రెండు. హబ్బుకు పవర్‌బ్యాంకు నుంచి కరెంటు అందాలి, లేకపోతే ఫోను బ్యాటరీ కాపీ మధ్యలో అయిపోతుంది. డిస్కు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. పాత ఫ్యాట్32లో 4 జీబీకి మించిన వీడియో ఫైలు పట్టదు.

వేగం విషయంలో దుకాణదారు చెప్పే అంకెలకు తొందరపడొద్దు. ‘సెకనుకు వెయ్యి ఎంబీ’ అని రాసి ఉన్న ఎస్‌ఎస్‌డీ కొన్నా, సాధారణ యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డు గరిష్ఠంగా ఇచ్చేది 104 ఎంబీ. 128 జీబీ కార్డు ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. డబ్బు పెట్టాలంటే మంచి కార్డు, మంచి రీడరు మీద పెట్టండి.

అతి చిన్నది, అతి పెద్దది

మైక్రో ఎస్‌డీ కార్డు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం ఒకటి. గ్రాము కూడా తూగదు. ఇప్పుడందులో 2 టీబీ దాకా వచ్చాయి. అంటే పైన చెప్పిన రా ఫైళ్లు 40,000! చూడటానికి అద్భుతమే గాని, మూడు రోజుల పండగంతా ఆ గోరంత ముక్కలో పెట్టమని నేను చెప్పను. వరిచేలో జారితే వెతకడానికి కూడా దొరకదు. 128 జీబీవి నాలుగైదు పెట్టుకుని, పూటకొకటి మార్చడమే మేలు. కెమెరాలో రెండు స్లాట్లుంటే ఒకటి నిండాక రెండోదానికి వెళ్లేలా కాక, రెండింటిలోనూ ఒకేసారి పడేలా పెట్టుకోండి. తొలి నకలు కెమెరాలోనే తయారవుతుంది.

35.06 లక్షల క్యూసెక్కులు

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి నమోదు చేసిన వరద ఇది, నేటికీ అదే రికార్డు. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటింది. 1996 నవంబరు 6 తుపాను సంగతి ఈ సీమలో ఎవరూ మరచిపోలేదు. మూడు పాయల మధ్య ఉన్న నేల ఇది, గౌతమి, వైనతేయ, వశిష్ఠ. ఫొటోల నకళ్లన్నీ ఒకే ఇంట్లో ఉంటే వాటన్నిటికీ ఒకే ప్రమాదం.

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇందుకే పుట్టింది: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. కోనసీమ భాషలో దాన్ని ‘ఒకటి గోదావరి అవతల’ అనుకోవచ్చు. ఇక్కడి పెళ్లిళ్లు, తీర్థాలు తీసే స్టూడియోవాళ్లు ఏడాదికోసారి ఒక డిస్కు రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న చుట్టాల ఇంటికి పంపినా చాలు.

క్లౌడ్ ఉంది కదా అంటారు. ఉంది, వాడాలి కూడా. కాని 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు, పది రోజులు దాటాక గాని అంతటా తిరిగి రాలేదు. ఆ రోజుల్లో ఎవరింట పెళ్లి జరిగినా దాని ఫొటోలకు దిక్కు చేతిలోని డిస్కే. అంతా సవ్యంగా ఉన్న రోజున కూడా తీర్థంలో వేలమంది ఫోన్లు ఒకే టవరుకు వేలాడుతుంటే 500 జీబీ పైకెక్కించడం అయ్యే పని కాదు. క్లౌడ్ ఇంటికెళ్లాక చేయవలసిన మూడో నకలు. మొదటి రెండూ తీర్థం దగ్గరే, రెండు వేర్వేరు సంచుల్లో, వీలైతే రెండు వేర్వేరు బండ్లలో ఉండాలి.

అతి నెమ్మదైన కాపీ

2015 జులై 14న న్యూహొరైజన్స్ వ్యోమనౌక ప్లూటో పక్కగా దూసుకుపోయింది. బొమ్మలు, కొలతలు కలిపి 50 గిగాబిట్లకు పైగా తన నిల్వలో దాచుకుంది. ఆరు జీబీకి కొంచెం ఎక్కువ, 2000 నాటి డిజిటల్ వాలెట్‌లో దాదాపు పట్టినంత. భూమికి పంపే వేగం సెకనుకు ఒకటి రెండు కిలోబిట్లే. అక్కడి నుంచి సంకేతం రావడానికే నాలుగు గంటలకు పైగా పడుతుంది. చివరి ముక్క 2016 అక్టోబరు 25న చేరింది. అంటే పదిహేను నెలలు. అంతా చేరాక కూడా నౌకలోని నిల్వను వెంటనే చెరపలేదు. వచ్చినదంతా సరిగా ఉందో లేదో భూమ్మీద సరిచూసుకున్నాకే చెరపాలని ముందే నిర్ణయించుకున్నారు.

జగ్గన్నతోట నుంచి వచ్చిన రాత్రి కూడా ఆ వరస మార్చకూడదు. కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండుచోట్లా సరిపోయాయో లేదో చూడండి. సరిచూసే సదుపాయమున్న యాప్ ఉంటే అది వాడండి. మొదట్లోవి, మధ్యలోవి, చివరివి కొన్ని ఫొటోలు తెరిచి పెద్దవి చేసి చూడండి. రెండో డిస్కులోనూ ఇదే చేయండి. అప్పుడు కార్డును ఫార్మాట్ చేయొచ్చు. ఖాళీ కార్డులు ఇంకా ఉంటే మటుకు ఆ రాత్రికి దాన్నీ అలాగే ఉంచేయండి.