చదువులున్నాయి... చెప్పేవారేరి?
పదో తరగతి తర్వాత దారి తెలియక నష్టపోతున్న పల్లె పిల్లలు

శ్రీకాకుళం: పదో తరగతి పరీక్షలు కాగానే పల్లెల్లో పిల్లలకు కనిపించే దారులు రెండే. ఒకటి ఇంటర్. రెండోది అన్న వెంటో, మేనమామ వెంటో విశాఖకో, చెన్నైకో పనికి పోవడం. ఈ రెండింటి మధ్య చేతికి పని నేర్పి, దానికి సర్టిఫికెట్టు కూడా ఇచ్చే చదువులు ఎన్నో వున్నాయి. అవి వున్న సంగతే చాలా ఇళ్లకు తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతోంది.

ఈ జిల్లాకు వలసలు కొత్త కాదు. ఉద్దానం నుంచి, తీరగ్రామాల నుంచి యువకులు పనుల కోసం బయటికి పోతూనే వున్నారు. అక్కడి కర్మాగారాల్లో ఐటీఐ సర్టిఫికెట్టు వున్నవాడు ఫిట్టరుగానో, వెల్డరుగానో చేరతాడు. లేనివాడు అతని పక్కనే హెల్పరుగా నిలబడతాడు. ఇద్దరూ బడిలో చదివింది పదే కావచ్చు. తేడా అల్లా ఏడాదో, రెండేళ్లో నేర్చుకున్న పనిది.

ఒక్కో చదువు ఒక్కో గడపలో

అసలు చిక్కు ఈ చదువులు చెల్లాచెదురుగా వుండడం. పాలిటెక్నిక్‌లు సాంకేతిక విద్యాశాఖవి. ఐటీఐలు ఉపాధి, శిక్షణ శాఖవి. ఒకేషనల్ ఇంటర్ ఇంటర్మీడియట్ బోర్డుది. వ్యవసాయ పాలిటెక్నిక్‌లు ఎన్.జి.రంగా విశ్వవిద్యాలయం కింద, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం కింద వున్నాయి. ప్లాస్టిక్ పరిశ్రమకు పనికివచ్చే డిప్లొమాలు నేర్పే విజయవాడ సీపెట్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఎవరి ప్రకటన వారిది, ఎవరి తేదీ వారిది. ఇవన్నీ వెతికి పట్టుకోవడం కూలి పనికి పోయే తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు.

ఏది ఎవరికి?

ఐటీఐలో ప్రవేశపరీక్ష లేదు. మార్కులే ఆధారం. పద్నాలుగేళ్లు నిండి వుండాలి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులు. వెల్డర్ ఒక్క ఏడాదే, దానికి ఎనిమిది పాసైనా చాలు. ఆ తర్వాత 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద కర్మాగారాల్లో స్టైపెండ్‌తో శిక్షణ పొందవచ్చు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ వంటి ఉద్యోగాలకూ నిర్ణీత ట్రేడుల్లో ఐటీఐ అర్హతగా వుంది.

పాలిటెక్నిక్‌లో చేరాలంటే పాలిసెట్ రాయాలి. పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల మీద 120 మార్కుల పరీక్ష. శ్రీకాకుళంలో ప్రభుత్వ పాలిటెక్నిక్, బాలికలకు వేరుగా మహిళా పాలిటెక్నిక్ వున్నాయి. ఆమదాలవలసలోనూ వుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. కనుక డిప్లొమాతో పైచదువు ఆగిపోతుందన్న భయం అక్కరలేదు.

ఒకేషనల్ ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ వంటి కోర్సులున్నాయి. బ్రిడ్జి కోర్సు పాసైతే పైచదువులకూ వెళ్లవచ్చు. పొందూరు నేత కుటుంబాల పిల్లలకు వెంకటగిరిలో మూడేళ్ల చేనేత డిప్లొమా వుంది. మగ్గం వున్న ఇంటికి ఈ కబురు చేరడం ఎంతైనా అవసరం.

ఫలితాల దాకా ఆగరాదు

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఫలితాలు వచ్చాక చూద్దామనుకుంటారు. పాలిసెట్ దరఖాస్తు గడువు చాలాసార్లు ఫలితాలకు ముందే ముగుస్తుంది. పరీక్షలు రాసి ఫలితం కోసం చూస్తున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు వేసవికి ముందే తీసి పెట్టుకోవడం మేలు.

ఒక్క కాగితం చాలు

దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కోర్సు పేరు, ఎన్నేళ్లు, ఎవరు అర్హులు, ఎక్కడుంది, గడువు ఎప్పుడు అన్న ఐదు వివరాలతో అన్ని శాఖల చదువులనూ ఒకే కాగితం మీద తెలుగులో అచ్చువేయాలి. ఫిబ్రవరిలోనే ప్రతి ఉన్నత పాఠశాల నోటీసు బోర్డుకు అంటించాలి. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయాలలో విద్య, సంక్షేమం చూసే ఉద్యోగి వున్నారు. ఆ కాగితాన్ని పది చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆయనే చేర్చవచ్చు. ప్రధానోపాధ్యాయులు ఒక్కరోజు పిల్లలను దగ్గరలోని ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో తీసుకువెళ్లి వర్క్‌షాపు చూపించినా, వంద మాటలు చెప్పిన దానికంటే ఎక్కువ. ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్ల పైమాటే. సమాచారం కోసం అంతదూరం రమ్మనడం న్యాయం కాదు. జిల్లా అధికారులు వచ్చే పరీక్షల నాటికైనా ఈ పని చేపడితే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది.